పైకప్పు భద్రతా సంవత్సరం

మా స్కూలు బోర్డు ఛైర్మన్ ఆల్డెన్ విట్‌కమ్ గారు ఈ ఏడాదిని పైకప్పు భద్రతా సంవత్సరంగా ప్రకటించారు. ఆ ప్రకటన పోస్టాఫీసు తలుపు మీద, కిరాణా కొట్టు అద్దం మీద, చర్చి గుమ్మం పక్కన కనిపించింది. అంటించింది కూడా ఆయనే. చలికి జిగురు పట్టకపోతే ఇంటికి వెళ్ళి సుత్తీ మేకులూ తెచ్చుకుని మరీ కొట్టారు. వెర్మాంట్ రాష్ట్రం మొత్తంలో ఇంతవరకు ఏ ఊరూ ఇలాంటి సంవత్సరాన్ని ప్రకటించలేదని అందరూ చెప్పుకున్నారు. మామూలు మనిషయితే కప్పు బాగుచేయించి ఊరుకునేవాడు. ఆల్డెన్ గారు దానికి ఏకంగా ఒక సంవత్సరాన్ని కేటాయించారు.

ఆ కప్పు మా ఈస్ట్ పెల్లింగ్ స్కూల్లో ఆటల హాలుది. మా తాతల కాలంలో కట్టింది. పిల్లలు ఆడుకునేదీ, మధ్యాహ్నం అన్నాలు తినేదీ అక్కడే. నడిమి దూలం ముసలి గుర్రం వెన్నులా కిందికి వంగింది. శీతాకాలం మొదలైన దగ్గర్నుంచి దాని మీద మంచు పేరుకుంటూనే ఉంది. మా జూనీ రెండో తరగతి. సరిగ్గా ఆ నడిమి దూలం కిందే కూర్చుని తింటుంది. ఇంకో బల్ల దగ్గర కూర్చోవే అంటే, తన స్నేహితురాలు అక్కడే కూర్చుంటుందని చెప్పింది.

నేను కొంచెం భయస్తురాలిని. ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడుతుందేమోనని నాలుగు ముక్కలు కోసి పెడతాను. స్కూలు బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర్నుంచి కదలను. తిరిగాక ఆ మలుపు అవతల ఏమవుతుందోనని ఇంకాసేపు నిలబడతాను. చదువు కూడా అంతంతమాత్రమే, హైస్కూలు మధ్యలో ఆపేశాను. పైకప్పుల గురించి నాకు తెలిసింది ఒక్కటే. అవి పైన ఉండాలి.

ఈ మాటే చెబుదామని జనవరిలో బోర్డు మీటింగుకి వెళ్ళాను. మా బోర్డులో ముగ్గురు సభ్యులు. ఆల్డెన్ గారు ఛైర్మన్. జీవిత బీమా ఏజెంటు కూడా కాబట్టి ప్రమాదాల గురించి ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండోవారు మార్విన్ టట్టల్ గారు. ఆల్డెన్ గారు ఏ తీర్మానం పెట్టినా "బలపరుస్తున్నాను" అనడం ఆయన పని. ఆ పని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. మూడో సభ్యురాలు చలి తట్టుకోలేక ఫ్లోరిడా వెళ్ళి, అక్కడి ఎండ బాగుందని ఒక కార్డు రాసి, మళ్ళీ రాలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ప్రజల తరఫున ఆ సాయంత్రం వచ్చింది నేనూ, చలికి లోపలికి దూరిన ఎవరిదో కుక్కా.

ప్రజలు మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇస్తారు. గుడ్లు ఉడికే టైము చూసుకునే గడియారం ఒకటి, కోడిపెట్ట ఆకారంలో ఉంటుంది, దాన్ని తిప్పి బల్ల మీద పెడతారు. నేను లేచి దూలం సంగతీ, మంచు సంగతీ, జూనీ కూర్చునే చోటూ చెప్పాను.

"మీ వ్యాఖ్యకి ధన్యవాదాలు లోర్నా గారూ" అన్నారు ఆల్డెన్ గారు.

"మరి కప్పు సంగతేంటండీ?"

"ప్రజల వ్యాఖ్యకి బోర్డు జవాబు చెప్పకూడదమ్మా. చెబితే అది చర్చ అయిపోతుంది. చర్చ అజెండాలో లేదు."

"అయితే అజెండాలో ఎప్పుడు పెడతారు?"

"ఇది వ్యాఖ్య కాదు, ప్రశ్న" అన్నారాయన చాలా ఓపిగ్గా. అంతలో కోడిపెట్ట గణగణా మోగింది.

అయినా నా మాట ఆయన చెవిలో వేసుకున్నారు. అక్కడే ఉంది ఆయన గొప్పతనం. వారం తిరక్కుండా కప్పు పరిశీలక సంఘాన్ని ఏర్పాటు చేశారు. అందులో ఆల్డెన్ గారూ మార్విన్ గారూ సభ్యులు. ఆ సంఘం హాలుకి వెళ్ళి, తలలెత్తి చూసి, శాస్త్రీయంగా ఒక ఉపాయం కనిపెట్టింది. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇనప గుండు ఉంటుంది కదా, దాన్ని ఒక తాడుకి కట్టి నడిమి దూలం నుంచి వేలాడదీశారు. గుండుకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ ఉంచారు. దూలం కుంగితే గుండు కిందికి వస్తుంది. గుండు నేలకి తాకిందంటే ప్రమాదమని లెక్క, హాలు ఖాళీ చేయించాలి. దీని గురించి ఇంకో ప్రకటన వెలువడింది. అబద్ధమెందుకు, నాకూ ఆ పూట కాస్త నిద్ర పట్టింది.

పిల్లలు ఆ గుండుకి గిల్బర్ట్ అని పేరు పెట్టారు. రోజూ దానికి దండం పెట్టినట్టు తల ఊపి మరీ భోజనానికి కూర్చునేవాళ్ళట. జూనీ ఇంటికి రాగానే నేను అడిగే మొదటి మాట, గిల్బర్ట్ ఎలా ఉన్నాడని. మొదట్లో గిల్బర్ట్ కింద నుంచి టిఫిన్ డబ్బా దూరేదట. మంచు ఇంకోసారి పడ్డాక డబ్బా దూరడం మానేసింది, శాండ్‌విచ్ దూరేది. ఫిబ్రవరి నాటికి బిస్కెట్టు మాత్రమే దూరుతోందని జూనీ చాలా సంతోషంగా చెప్పింది. నా చేతిలోంచి గరిటె జారిపోయింది.

తర్వాత ఒకరోజు వచ్చి, "అమ్మా, గిల్బర్ట్ కింద కూర్చున్నాడు" అంది.

బోర్డు అత్యవసరంగా సమావేశమయింది. నేను కోటు గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా పరుగెత్తాను. సమస్యని అన్ని వైపుల నుంచీ పరిశీలించాక ఆల్డెన్ గారు తేల్చిందేమిటంటే, తాడు పొడుగైపోయింది. చెమ్మకి తాళ్ళు సాగుతాయి, ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం. కాబట్టి తాడుని తగినంత మేర కత్తిరించాలని తీర్మానం పెట్టారు. మార్విన్ గారు బలపరిచారు. కత్తెర వంటగదిలో ఎడంవైపు సొరుగులో దొరికింది. ముడి మళ్ళీ వేశాక గిల్బర్ట్ కింద నుంచి టిఫిన్ డబ్బా సుఖంగా దూరింది. మర్నాడే పోస్టాఫీసు తలుపు మీద ప్రకటన వచ్చింది, ఛైర్మన్ గారి చొరవ వల్ల పైకప్పు పరిస్థితి ఇటీవలి కాలంలో ఎన్నడూ లేనంతగా మెరుగుపడిందని.

నేను కొట్లో ఆయన్ని ఆపి, మరి దూలం అలాగే వంగి ఉంది కదండీ అన్నాను.

"లోర్నా గారూ, గుండు నేలకి తాకుతోందా?"

"లేదండీ."

"మీ కళ్ళతో మీరు చూశారా?"

"చూశానండీ."

"మరి ఇంకేంటమ్మా మీ బాధ?" అని పాలు తీసుకుని వెళ్ళిపోయారు.

నిజమే, చూశాను. ఆ తర్వాత మంచు పడిన ప్రతిసారీ తాడు కొంచెం కురచవుతూ వచ్చింది. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేది మా ఆయనే. ఆయన ఒక్కటే మాటన్నాడు, ఆ కప్పు కింద తన బండిని కూడా నిలపనని. బండి మాట సరే, పిల్ల మాటేంటి అని అడిగితే, ఎన్నికలు వస్తున్నాయి కదా, వెళ్ళి ఓటెయ్యమన్నాడు.

మార్చిలో మా స్కూలు వార్షిక సభ. ఊరంతా ఒకచోట చేరి, బోర్డు సభ్యుల్ని ఎన్నుకుని, తీర్మానాలు చేసి, కలిసి భోంచేసి వెళ్తారు. తరతరాలుగా ఆ సభ జరిగేది ఆటల హాల్లోనే. నోటీసులో కూడా అలాగే వేశారు. భోజనం వండిన పాత్రలు ఆడవాళ్ళం ముందురోజే హాలు చివరనున్న వంటగదిలో పెట్టి వచ్చాం. నా బీన్స్ కుండ, ఇంకెవరెవరివో మాంసం కూరలు, ఆల్డెన్ గారి భార్య పిండిలో యాపిల్ ముక్కలు కూరి కాల్చిన పైలు. ఆవిడ చేసే పై కోసం సభకి వచ్చేవాళ్ళు ఊళ్ళో సగం మంది ఉన్నారు.

తెల్లారేసరికి మోకాళ్ళ దాకా మంచు కురిసింది.

సభ నడిపే హోరస్ గారు నియమాల పుస్తకం కంఠతా వచ్చిన మనిషి. నోటీసులో వేసిన చోటే సభ ప్రారంభం కావాలి, లేకపోతే చెల్లదు. అందుకని ఆయన హాలు తలుపు తాళం తీసి, ఒక కాలు లోపల పెట్టి, ఇంకో కాలు బయటే ఉంచి, చేతిలోని కొయ్య సుత్తితో గుమ్మాన్ని కొట్టి సభ ప్రారంభించారు. వెంటనే బండ్లు నిలుపుకునే సౌకర్యం దృష్ట్యా సభని ఎదురుగా ఉన్న ఫైరు స్టేషనుకి మార్చాలని ఆల్డెన్ గారు తీర్మానం పెట్టారు. మార్విన్ గారు బలపరిచారు. ఊరంతా ఒక్క గొంతుతో అవునన్నారు. బండ్లన్నీ అప్పటికే హాలు ముందు నిలిపి ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఫైరు స్టేషన్లో మొదటి అంశం పైకప్పు. సంఘం తరఫున ఆల్డెన్ గారు నివేదిక చదివారు. గుండు నేలకి తాకడం లేదు, కప్పు సురక్షితం, పిల్లలు ఎప్పటిలాగే హాల్లో భోంచేస్తారు. చదువుతున్నంతసేపూ ఆయన ఎర్ర ఫైరింజను ముందు నిలబడ్డారు, చాలా నిండుగా కనిపించారు. హోరస్ గారు ఓట్లు అడిగారు. అవునన్నవాళ్ళ గొంతులకి స్టేషను రేకులు అదిరాయి. కాదన్నది నేనొక్కదాన్నే. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"అవునన్నవారు గెలిచినట్టు వినిపించింది" అన్నారు హోరస్ గారు.

ఆ ఊపులోనే ఆల్డెన్ గారిని మళ్ళీ ఎన్నుకున్నారు. పోటీ లేదు. పైకప్పు భద్రతకి ఆయన చేసిన సేవకి కృతజ్ఞతలు చెబుతూ ఇంకో తీర్మానం కూడా అయింది.

అప్పటికి అందరికీ ఆకలేసింది. భోజనమేమో అవతల వంటగదిలో ఉంది. దాని వెనక తలుపు కప్పు మీద నుంచి జారిన మంచు కింద రాత్రే కూరుకుపోయింది. వెళ్ళాలంటే హాలు మధ్యలో నుంచే వెళ్ళాలి.

"పిల్లలు వెళ్ళి తెస్తారు" అన్నారు ఆల్డెన్ గారు. సభలో వడ్డన చేసేది ఎప్పుడూ పిల్లలే, అది ఇక్కడి పద్ధతి. "వాళ్ళకి అక్కడ అలవాటే కదా."

ఆయన ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కానీ ముందు వరసలో కూర్చున్న విన్నీ బామ్మ చేతికర్ర ఊతం చేసుకుని లేచింది. ఊళ్ళో సగం మందికి మొదటి తరగతి చెప్పిన టీచరు ఆవిడ.

"ఒరే ఆల్డెన్, నా మనవరాలు వెళ్ళదు."

"టీచరుగారూ, ఇప్పుడే కదండీ కప్పు బాగుందని మీరూ అవునన్నారు."

"అన్నాను. మనవరాలు మాత్రం వెళ్ళదు."

"రెండూ ఒకే కప్పు కదండీ."

"తెలుసు నాయనా. నీకు కూడికలు నేర్పింది నేనే. కూర్చో."

నాకు ధైర్యం వచ్చింది. లేచి, అయితే కప్పు తీర్మానం మీద మళ్ళీ ఓటు పెట్టండి అన్నాను. హోరస్ గారు నావైపు జాలిగా చూశారు. ఒకసారి నెగ్గిన తీర్మానాన్ని తిరగదోడమని అడగాలంటే, దానికి అవునన్నవాళ్ళే అడగాలట. కాదన్నవాళ్ళకి ఆ హక్కు లేదట. ఊరు మొత్తంలో అడగడానికి వీల్లేనిదాన్ని నేనొక్కదాన్నే. అవునన్నవాళ్ళ వైపు చూశాను. అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు. మంచి బూట్లే, కానీ అంతసేపు చూడాల్సినంత గొప్పవేమీ కావు.

అంతలో తలుపు దగ్గర జూనీ తన బూట్లు తొడుక్కుంటూ కనపడింది. యాపిల్ పై తీసుకొచ్చేది తనేనని పక్కపిల్లతో వాదిస్తోంది. బయటికి పరుగెత్తి, దాన్ని మెట్ల మీద పట్టుకుని, చంకలో ఇరికించుకుని, కాసేపు అక్కడే ఊపిరి తీసుకున్నాను.

ఆ కంగారులో ఒక సంగతి మర్చిపోయాను. మా ఊళ్ళో స్కూలు బోర్డుకి ఎవర్ని అడిగినా వద్దంటారు. అందుకని ఆ అంశం వచ్చినప్పుడు గదిలో లేనివాళ్ళని ఎన్నుకోవడం ఆనవాయితీ. ఇది తెలిసే మగవాళ్ళు ఎంత అవసరమొచ్చినా ఉగ్గబట్టుకుని కూర్చుంటారు తప్ప ఆ సమయంలో లేవరు. నేను పిల్లనెత్తుకుని లోపలికి వచ్చేసరికి అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఫ్లోరిడా ఆవిడ కుర్చీ నాదయింది.

"అభినందనలు లోర్నా గారూ" అని ఆల్డెన్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. "కొత్త సభ్యులు భోజనం తీసుకురావడం మన ఆనవాయితీ."

"ఎప్పట్నుంచండీ?"

"ఇవాళ్టి నుంచి."

జూనీని విన్నీ బామ్మ ఒళ్ళో కూర్చోబెట్టాను. నేను వెళ్తే పిల్లలు వెళ్ళరు కదా అనుకున్నాను. ఛైర్మన్ గారు కూడా నాతో రావచ్చు కదా, కుండ బరువు అన్నాను.

"రాకూడదమ్మా. రావాలనే ఉంది" అన్నారాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని. "బోర్డులో ముగ్గురం. ఇద్దరం ఒక కప్పు కింద చేరితే అది మీటింగు కింద లెక్క. నోటీసు లేకుండా మీటింగు పెడితే చట్టం ఊరుకోదు."

"నేను కూడా అంతే" అన్నారు మార్విన్ గారు. ఆయన వేరే మాట మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి.

అయినా ఆల్డెన్ గారు హాలు మెట్ల దాకా వచ్చారు. చట్టానికి లోబడి గుమ్మానికి ఇవతలే, మంచులో నిలబడ్డారు. హోరస్ గారి దగ్గర్నుంచి తీసుకున్న తాళంచెవి నా చేతిలో పెట్టారు.

తలుపు తీశాను. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ఎక్కడో నా బీన్స్ వాసన. పైన దూలం చిన్నగా కిర్రుమంటోంది, పాత మంచంలో ఎవరో పక్కకి తిరిగినట్టు. గిల్బర్ట్ నేలకి తాకడం కాదు, పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. తాడు వదులుగా చుట్టలు చుట్టుకుని అతని మీద పడింది. పక్కనే మా జూనీ కూర్చునే బల్ల.

"తాకుతోందా?" అని అడిగారు ఆల్డెన్ గారు వెనకనుంచి.

"పడుకునుందండి."

ఆయన గొంతు తగ్గించి, "కత్తెర వంటగదిలో ఉంటుందమ్మా. ఎడంవైపు సొరుగు" అన్నారు.

నేను లోపలికి అడుగు పెట్టలేదు. తలుపు దగ్గరికి లాగి, తాళం వేశాను. అప్పుడు తాళంచెవి నా చేతిలోంచి జారి, కప్పు మీద నుంచి రాలిన మంచుగుట్టలో పడిపోయింది. నా చేతులు వణుకుతాయని ఊరందరికీ తెలుసు. పడటం మెట్లకి కొంచెం దూరంగా పడింది, అదీ నిజమే.

ఆల్డెన్ గారు ఆ గుట్టవైపు చాలాసేపు చూశారు. వంగి, గుప్పెడు మంచు తీసి, పక్కన పోశారు. లేచి చేతులు దులుపుకున్నారు.

"అయ్యో" అన్నారు. ఆ మాట ఆయన చాలా నిదానంగా, ఒక్కొక్క అక్షరం ఆస్వాదిస్తున్నట్టు అన్నారు.

ఫైరు స్టేషనుకి తిరిగి వెళ్ళాక ఆయనే లేచి సభకి తెలియజేశారు. పైకప్పు పూర్తిగా సురక్షితం, ఆ విషయంలో బోర్డు వైఖరిలో ఏ మార్పూ లేదు. అయితే తాళంచెవి మంచులో పడిన కారణంగా, అది దొరికేదాకా హాలు తెరవడం సాధ్యం కాదు. అంతవరకు పిల్లలు తరగతి గదుల్లోనే భోంచేస్తారు. ఆయనకి ఎన్నికైనప్పుడు పడిన చప్పట్ల కంటే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూట ఊరంతా ఫైరు స్టేషన్లో దొరికిన ఎండు బిస్కెట్లూ, ఉప్పులో ఊరిన దోసకాయ ముక్కలూ తిన్నాం. యాపిల్ పైలు పోయినందుకు మాత్రం చాలామంది బాధపడ్డారు.

ఇప్పుడు మంచు కరిగింది. ఊరంతా బురద. తాళంచెవి అన్వేషణ సంఘం వారం వారం సమావేశమవుతోంది. అందులో బోర్డు సభ్యులు ముగ్గురమూ ఉన్నాం. స్కూలు గ్రంథాలయంలో కూర్చుంటాం. స్కూలు ఊడ్చి, తలుపులు తీసే రోయ్స్ గారు మాకంటే ముందే వచ్చి నిలబడతారు. నడుముకి వేలాడే తాళాల గుత్తి పైకి తీస్తారు. దాంట్లో ఆటల హాలు రెండో తాళంచెవి ఉంటుంది, ఆకుపచ్చ దారం కట్టి ఉంటుంది, అది ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన దాన్ని వేలితో పక్కకి తోసి, దాని వెనకున్న తాళంచెవితో గ్రంథాలయం తలుపు తీస్తారు. ఆల్డెన్ గారు ఆయనకి కృతజ్ఞతలు చెప్పి, లోపలికి వచ్చి, కోడిపెట్టని బల్ల మీద పెట్టి, తాళంచెవి ఇంకా దొరకలేదనీ, అన్వేషణ ఇంకో వారం పొడిగించాలనీ తీర్మానం ప్రవేశపెడతారు.

మార్విన్ గారు నోరు తెరిచేలోపే నేను చెయ్యెత్తుతాను.

"బలపరుస్తున్నాను."